చంద్రవంక మార్కా

అనకాపల్లి,
22-3-2004.

చిరంజీవి దీనాకు తాత హనోకు రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం, నా ఎడమ మోకాలు తప్ప. అక్కడ నువ్వు బాగున్నావని మీ టీవీలో కింద పరిగెత్తే అక్షరాలు చూసి తెలుసుకుంటున్నాం. అవి నువ్వే రాస్తావట కదా. మీ నాన్నమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదవబోతుంది, సగం చదివేసరికి వాక్యం కాస్తా తెరలోంచి పారిపోతుంది. "నా మనవరాల్ని ఎవరు తరుముతున్నారు? అంత తొందరేటి దానికి?" అంటుంది.

ఫోను చెయ్యమన్నావు. చెయ్యను. ఫోనులో నేనొక మాటంటే నువ్వు మూడంటావు. ఉత్తరమైతే చచ్చినట్టు నోరు మూసుకుని చివరిదాకా చదవాలి.

ఇవాళ బెల్లం యార్డులో ఏం జరిగిందో చెప్తాను. నిన్న లాహోరులో మనవాళ్ళు క్రికెట్టు గెలిచేరు కదా. పొద్దున్నే నేను రంగు డబ్బా, కుంచె పట్టుకుని వెళ్ళేసరికి సిలార్ బెల్లం సంచులు కుడుతున్నాడు. నీకు సిలార్ తెలుసు. నీ చిన్నప్పుడు మన నులకమంచం అల్లిందీ వాడే.

"ఏరా సిలారూ, నిన్న మీవోళ్ళు సాప సుట్టేసేరటగా?" అన్నాను.

"నాకేటి తెలుసు మామా, మా ఇంట్లో కరెంటు లేదు" అన్నాడు, దబ్బనం మీంచి కన్ను తియ్యకుండా.

"కరెంటు తీసేసింది కూడా మీవోళ్ళేనేటి?"

కలాసీలు మోస్తున్న సంచులు దింపేసి నవ్వేరు. సిలార్ కూడా నవ్వేడు. పాకిస్తానోళ్ళు ఆడినప్పుడల్లా ముప్పై ఏళ్ళుగా ఇదే అంటాను, ముప్పై ఏళ్ళుగా వాడూ నవ్వుతాడు. మంచోడు.

అప్పుడే మీ టీవీకి వార్తలు పంపే రాజుబాబు వచ్చేడు. ఎన్నికలోళ్ళందరూ వైజాగులో ఉండిపోయేరట, మనూళ్ళో ఒక్క వార్తా దొరకలేదట. నేను ముద్ర వేస్తున్న సంచి దగ్గర కెమెరా ఆపేడు.

"తాతా, ఈ సరుకు ఎక్కడికెల్తాది?"

"లాహోరుకి."

"నిజంగానా?"

"మరేటి బాబూ. ఓడిపోయి నీరసంగా ఉన్నారు కదా. పానకం కలుపుకు తాగుతారని మన సిలారు కుట్టి పంపుతున్నాడు."

మళ్ళీ అందరం నవ్వేం. రాజుబాబు మాత్రం నవ్వలేదు. నా మొహం టీవీలో వస్తుందా అని అడిగేను, వస్తుందన్నాడు. చూస్తూ ఉండు.

ఆ ముద్ర సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. కలాసీల్లో సగం మందికి చదువు రాదు కాబట్టి ఒక్కో షావుకారికి ఒక్కో బొమ్మ. త్రినాధరావు తన శివుడి నెత్తి మీద ఉండే చంద్రవంక కావాలన్నాడు. రేకు కత్తిరించి వేస్తే అది కొడవలిలా వచ్చింది, ఎర్రజెండా వాళ్ళది అనుకుంటారని భయమేసింది. క్రిస్మస్ నెల అది. మా చర్చికి కట్టిన నక్షత్రం తాలూకు రేకు ముక్క మిగిలుంటే పక్కన దాన్ని అతికేను. షట్టరుకి వెయ్యగా మిగిలిన పచ్చరంగు కొట్టేను. అది క్రిస్మస్ చుక్కని త్రినాధరావుకి ఈనాటికీ తెలీదు. నువ్వు చెప్పకు.

మీ నాన్నమ్మ పుట్టింటోళ్ళు ఆర్‌సీఎం, కేథలిక్కులు కాబట్టి ఈస్టరు ముందు ఈ శ్రమదినాల్లో మాంసం తినొద్దని రాయమంటోంది. నేను బాప్టిస్టుని కాబట్టి తినమంటున్నాను. నీకెవరు ఇష్టమో వాళ్ళ మాట విను.

మీ తాత,
హనోకు.


హైదరాబాద్,
24-3-2004.

తాతకు, నాన్నమ్మకు వందనాలు.

నీ ఉత్తరం ఏదీ అందలేదు, ఈలోగా నేనే రాస్తున్నాను. సంతోషం పట్టలేకపోతున్నాను తాతా. ఇన్నాళ్ళూ ఎవరో రాసిన వార్తల్ని కుదించడమే నా పని. నిన్న మొదటిసారి ఒక ప్రత్యేక వార్తకు స్క్రోలింగ్ మొత్తం నేనే రాశాను. అదీ మన అనకాపల్లి వార్త!

"అనకాపల్లి బెల్లం సంచులపై పాక్ జెండా గుర్తు? సరుకు లాహోర్‌కు తరలుతున్నట్లు అనుమానం."

రోజంతా తిరిగింది. పచ్చరంగు నెలవంక, నక్షత్రం అని మన విలేఖరి ఫోనులో చెప్పాడు. బొమ్మలు నేను చూడలేదు, అవి వేరే గదిలో కత్తిరిస్తారు. మార్కెట్లో పనిచేసే ఒక పెద్దాయన తనంతట తానే ఒప్పుకున్నాడట. ఆయనకు ప్రమాదం రాకుండా మొహం కనపడనివ్వలేదు. ప్రశ్నార్థకం పెట్టించింది మా చీఫ్. అది పెడితే మనం అడిగినట్టే గాని చెప్పినట్టు కాదట. ఇంత చిన్న గుర్తులో ఎంత తెలివి ఉందో చూడు.

యార్డులోకి ఆడపిల్లలెందుకని నన్నెప్పుడూ రానివ్వలేదు నువ్వు. వచ్చి ఉంటే ఆ సంచులు ఎవరివో నేనే కనిపెట్టేదాన్ని. నీకు తెలిసినవాళ్ళెవరో చేస్తున్న పనే ఇది. జాగ్రత్తగా ఉండు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకు, ముఖ్యంగా వేళాకోళాలు.

నీ
దీనా.


అనకాపల్లి,
27-3-2004.

టీవీ మహారాణి దీనాగారికి,

నీకు తెలిసినవాడెవరో అన్నావు చూడు, వాడు నాకు బాగా తెలుసు. రోజూ గడ్డం గీస్తాను వాడికి.

ఆ పెద్దాయన నేనేనే!

పక్కింట్లో పదిహేను మందిమి కూర్చుని చూసేం. నా మొహం మీద గంజి ఒలికిపోయినట్టు మసక. మీ నాన్నమ్మ తువ్వాలు చూసి పట్టేసింది. "ఇదిగో, ఈ తువ్వాలు నేనుతికిందే! ఏ తప్పు సేసేవయ్యా, మొకం దాసేసేరు?" అని లేచి నిలబడింది. గొంతు నాదే. "లాహోరుకి." అంతే. పానకం లేదు, నవ్వు లేదు. వాగినవాణ్ణి నేను, నా మొహం దాచేరు. నోరెత్తని సిలార్ మొహానికేమో ఎర్ర సున్నా చుట్టి మూడుసార్లు చూపించేరు.

మర్నాడు బెల్లం వేలంపాట మొదలవకముందే వర్తకుల సంఘం సెక్రటరీ బంగారయ్య మైకు తీసుకున్నాడు. "విచారణ తేలేదాకా సంచులు కుట్టే సిలార్ యార్డులోకి రాకూడదు" అన్నాడు. ఆ మైకు మామూలుది కాదు, రైల్వే గేటు దాకా వినపడుతుంది. సిలార్ దబ్బనం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయేడు. ఎవరి మొహమూ చూడలేదు.

నేను బంగారయ్య దగ్గరికి పరిగెత్తేను, మోకాలితో సహా.

"ముద్ర ఏసింది నేను, వాగింది నేను. ఆణ్ణెందుకు పంపేసేవు?"

"నీకేటి తాతా, నువ్వు జోకులేత్తావని ఊరందరికీ తెలుసు. ఆడి సంగతి ఎవరికి తెలుసు?"

"ముప్పయ్యేళ్ళు నీ సంచులు కుట్టేడు కదరా!"

"అందుకే అంటన్నాను, ఎన్ని సంచులు ఎక్కడికెల్లిపోయేయో" అన్నాడు.

ఇదీ బుర్ర! త్రినాధరావు ముద్ర తనదని చెప్తే సరిపోను. ఆయన తిరపతి వెళ్ళేడట, గుమాస్తా చెప్పేడు. లోపల్నించి ఆయన దగ్గు వినపడుతూనే ఉంది.

రాజుబాబుని సందులో పట్టుకున్నాను. "నేను మొత్తం పంపేను తాతా, పానకంతో సహా. కోసింది మీ హైదరాబాదోళ్ళు. నెలకిన్ని వార్తలు పంపకపోతే కెమెరా లాగేసుకుంటారు, నేనేటి సెయ్యను?" అని ఏడవబోయేడు. హైదరాబాదోళ్ళంటే నువ్వే కదా. సొంత మనవరాలివి, తాత నాలిక సగం కోసి ఊరందరికీ చూపించేవు. పైగా వేళాకోళాలాడొద్దని నాకు నీతులు! మిగతా సగం నాలిక ఎక్కడ పెట్టేవో వెతికి ఇటు పంపు.

మీ
గంజి మొహం తాత.


హైదరాబాద్,
31-3-2004.

తాతా,

నీ ఉత్తరాలు రెండూ ఒకేరోజు చేతికొచ్చాయి. మొదటిది మేడ కింద వాచ్‌మన్ దగ్గర పడి ఉంది. చదివి బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

నేను కోయలేదు. కోసినవాళ్ళకు నువ్వెవరో తెలియదు, నాకు అది నువ్వని తెలియదు. మనవరాలు కావాలని చేసిందనుకున్నావు చూడు, అది నాకు ఎర్ర సున్నాలా తగిలింది. కానీ తాతా, కెమెరా ముందు ఆ మాట అన్నది నువ్వే. నీకు నవ్వులాట. అది మూడొందల మైళ్ళు దాటితే నవ్వు కాదు. అందరూ మన యార్డు కలాసీలు అనుకుంటావు.

టేపు వేయించుకుని మొత్తం చూశాను. చీఫ్ దగ్గరికి తీసుకెళ్ళాను. "తప్పని ఎవరన్నారు? మనం ప్రశ్న వేశాం. జవాబు లేదంటే ప్రశ్న తప్పవుతుందా?" అన్నాడు. ఆ ముద్ర కథ చెప్పాను. నవ్వాడు. "బావుంది, కాని ఎవరూ చూడరు" అన్నాడు.

చాలాసేపు బతిమాలితే ఒకదానికి ఒప్పుకున్నాడు. సిలార్ మావయ్య జాతీయ జెండా పట్టుకుని యార్డు గేటు దగ్గర నిలబడి సెల్యూట్ చేసి, "నేను భారతీయుణ్ణి" అంటే చాలు. రాజుబాబు తీస్తాడు. "అనుమానాలకు తెర" అని రాత్రి వార్తల్లో మొదటి వార్తగా వేస్తారట. ఒక్క నిమిషం పని, వాళ్ళ ఇబ్బంది తీరిపోతుంది. జెండా రాజుబాబే తెస్తాడు. నువ్వు చెబితే మావయ్య కాదనడు. వెంటనే వెళ్ళి మాట్లాడు.

నీ
దీనా.


అనకాపల్లి,
4-4-2004. మట్టల ఆదివారం.

అమ్మడూ దీనా,

నువ్వు ఏడ్చావని చదివి మీ నాన్నమ్మ నన్ను రెండు పూటలు తిట్టింది. అన్నం పెట్టింది గాని కూర వెయ్యలేదు. నువ్వు కోయలేదని నమ్మేను. ఆ కత్తెర ఎవరిదో వాళ్ళని దేవుడు చూసుకుంటాడు, నేను కూడా ఓ చూపు చూస్తాను.

నువ్వు చెప్పినట్టే సిలార్ ఇంటికి వెళ్ళేను. వాకిట్లో కూర్చుని ఎవరిదో చిరిగిన గొడుగు కుడుతున్నాడు. జెండా సంగతి చెప్పేను. నాక్కూడా బాగానే ఉందనిపించింది తల్లీ, అబద్ధమాడను.

వాడు గొడుగు పక్కన పెట్టేడు.

"మామా, త్రినాధరావుగారిని పట్టుకోమన్నారా జెండా?"

"లేదు."

"బంగారయ్యగారిని?"

"లేదు."

"ముద్రేసింది నువ్వు. నిన్ను?"

నేను ఆ గొడుగు తీసి చిరుగులు లెక్కపెట్టేను.

"ఆగస్టు పదిహేనుకి యార్డులో జెండా కర్రకి తాడు కట్టేది ఎవరు? నేనే కదా. అప్పుడు ఎవరూ కెమెరా తేలేదు."

"అదేరా, ఆళ్ళకి బుద్ధి లేదు" అన్నాను.

"ఆళ్ళ సంగతి వదిలెయ్ మామా. 'మీవోళ్ళు, మీవోళ్ళు' అని ముప్పయ్యేళ్ళు అన్నావు నువ్వు. నవ్వేను. నవ్వకపోతే ఏటనుకుంటారోనని నవ్వేను. టీవీవోడు కొత్తగా ఏటన్నాడు? నువ్వన్నదే అన్నాడు. నీ మాట పదిమంది కలాసీలు ఇన్నారు, ఆడి మాట ఊరంతా ఇన్నాది. తేడా అంతే."

వాళ్ళావిడ టీ తెచ్చింది. తాగేను. ఏం తాగేనో తెలీదు. కోపంగా అంటే నేనూ రెండనేవాణ్ణి. మెల్లగా అన్నాడు.

రాజుబాబుని జెండా పట్టుకుని రావొద్దని చెప్పేసేను.

ఇక్కడ యార్డులో ఇంకో తమాషా. త్రినాధరావు తిరపతి నుంచి దిగేడు, అంటే ముందు గదిలోకి వచ్చేడు. ముద్ర మార్చెయ్యమన్నాడు. పువ్వు వేస్తానన్నాను. "వద్దొద్దు, ఎన్నికల్లో అదో పార్టీది." పోనీ చెయ్యి? "అదింకో పార్టీది." సైకిలు? "బాబ్బాబూ, నన్ను జైల్లో ఎట్టించకు!" ఏనుగు, కొడవలి, చక్రం అన్నీ అడిగేను. లోకంలో ఉన్న బొమ్మలన్నీ ఎవరో ఒకరివి. చివరికి ఒట్టి సున్నా వెయ్యమన్నాడు. సున్నా వేస్తే కలాసీలు ఖాళీ సంచులనుకుని ఎక్కించలేదు. రెండు లారీలు అలాగే ఉండిపోయేయి.

ఇప్పుడు నా మాట విను. మీ టీవీలో పొద్దున్న పూట జనం ఫోను చేసి మాట్లాడతారు కదా. అప్పటికప్పుడు వచ్చేస్తుంది, కత్తెరకి అందదు. ఈస్టరు అయిన మర్నాడు, సోమవారం, తొమ్మిదింటికి నేను స్టేషను దగ్గర ఎస్టీడీ బూతులో ఉంటాను. నన్ను కలుపు. నీ ఉద్యోగానికి ముప్పైతే కలపకు, నేనేమీ అనుకోను. కాని కలిపితే మాత్రం ఈసారి పానకంతో సహా చెప్తాను.

మీ తాత,
హనోకు.


హైదరాబాద్,
13-4-2004.

తాతా,

నువ్వు బూతులో ఉన్నావు కాబట్టి ఇక్కడ ఏం జరిగిందో నీకు తెలియదు. నేను చెప్తాను.

నిన్న చర్చ పేరు "క్రికెట్‌తో రెండు దేశాలూ దగ్గరవుతాయా?" ఫోన్లు ఎత్తి ఎవరిని కలపాలో చెప్పే పని నిన్న నేను అడిగి మరీ తీసుకున్నాను. "అనకాపల్లి నుంచి హనోకుగారు, బాగా మాట్లాడతారు" అన్నాను. అబద్ధం కాదు.

"చెప్పండి హనోకుగారూ, దగ్గరవుతాయంటారా?" అని అడిగింది యాంకర్.

"దేశాల సంగతి నాకు తెలీదమ్మా. మా యార్డులో ఇద్దరు దూరమయ్యేరు, దానికి మీరే కారణం" అన్నావు. ఆ అమ్మాయి చిరునవ్వు అలాగే ఉండిపోయింది. "మీరు మసకేసిన మొహం నాదే తల్లీ. ఇప్పుడు నా పేరు, మా వీధి పేరు కూడా చెప్తాను, రాసుకో" అన్నావు. చంద్రుడు శివుడిది, చుక్క క్రిస్మస్‌ది, రంగు షట్టరుది, వాగుడు నాది అని వేళ్ళు లెక్కపెట్టినట్టు చెప్పావు. "కుట్టినోడికి కుట్టడం తప్ప ఏమీ తెలీదు. ఆణ్ణి యార్డులోంచి పంపేసేరు" అన్నావు. లోపల్నించి చీఫ్ అరుస్తున్నాడు. ఇంజనీరు నా వైపు చూశాడు. నేను కాగితాల్లోకి చూశాను. నిమిషం పది సెకన్లు మాట్లాడావు తాతా. ఆ తర్వాత సాంకేతిక కారణాలు వచ్చాయి.

గొడవలో నన్నెవరూ గమనించలేదు. నా కుర్చీలో కూర్చుని టైపు చేశాను: "అనకాపల్లి బెల్లం సంచులపై ఉన్నది పాక్ జెండా కాదు. మా వార్త తప్పు." పద్దెనిమిది నిమిషాలు తిరిగింది.

సాయంత్రం చీఫ్ పిలిచాడు. తీసేస్తాడనుకున్నాను. "ప్రశ్నార్థకం పెట్టడం మర్చిపోయావు" అన్నాడు. ఇవాళ్టి నుంచి నన్ను రాశిఫలాలకు మార్చారు. పన్నెండు రాశులకూ రోజూ నేనే రాయాలి. నాన్నమ్మకు చెప్పకు.

జెండా పట్టుకోమని చెప్పించినందుకు సిలార్ మావయ్యకు నేనే ఒక ఉత్తరం రాశాను. ఏం రాశానో నీకు చెప్పను.

మావయ్యను రానిచ్చారా? అదొక్కటీ ముందు రాయి.

నీ
దీనా.


అనకాపల్లి,
18-4-2004.

చిరంజీవి దీనాకు,

ముందు అదొక్కటీ రాయమన్నావు. రానిచ్చేరు. ఇక నిదానంగా చదువు.

రాశిఫలాల సంగతి మీ నాన్నమ్మ ఉత్తరం లాక్కుని చదివేసింది. క్రైస్తవులం అలాంటివి నమ్మకూడదు గాని, నువ్వు రాస్తే నమ్ముతుందట. నా రాశికి ఈ నెలాఖరు ప్రయాణం మంచిది కాదని రాసెయ్. రావికమతంలో వాళ్ళ చెల్లెలింట్లో పెళ్ళికి రమ్మని చంపుతోంది.

నేను బూతులోంచి బయటికి వచ్చేసరికి జనం. ఇంటికి వచ్చేసరికి త్రినాధరావు.

"ముప్పయ్యేళ్ళు మా శివుడి పక్కన మీ క్రిస్మస్ సుక్క ఎట్టేవా ముసలోడా!"

"యాపారం బాగానే నడిసింది కదా బాబూ. ఎవరి దయో మీ శివుడూ మా ప్రభువూ కూకుని తేల్సుకుంటారు" అన్నాను.

ఆయన వెళ్ళగానే మా పాస్టరుగారు. ప్రభువు నక్షత్రాన్ని బెల్లం సంచికి అంటించి, అదీ ఇంకొకరి చంద్రుడి పక్కన పెట్టినందుకు చర్చి సంఘంలో క్షమాపణ చెప్పాలట. మీ నాన్నమ్మేమో "ఆర్‌సీఎం అయితే ఇలాటి పని సెయ్యడు" అంది. మూడు పక్కలా వాయింపు. నన్ను తిట్టడంలో పడిపోయి ఊళ్ళో అందరూ పాకిస్తాన్ని మర్చిపోయేరు!

బంగారయ్య మర్నాడు గుమాస్తాని సిలార్ ఇంటికి పంపేడు, రేపట్నించి వచ్చెయ్యమని, మెల్లగా, సందులోంచి. సిలార్ రాలేదు. నేను వెళ్ళి అడిగేను.

"పొమ్మన్నది మైకులో మామా. రైలుగేటు దాకా ఇనపడింది. రమ్మనేది నా సెవిలోనా?"

తిన్నగా బంగారయ్య దగ్గరికి వెళ్ళేను. ఆయన మైకులో చెప్పనన్నాడు, పరువు పోతుందట. "సరే బాబూ, నేను మళ్ళీ టీవీకి ఫోను సేత్తాను. ఈసారి నీ పేరు కూడా సెప్తాను, ఇంటిపేరుతో" అన్నాను. టీవీ వల్ల మొదటిసారి ఓ మంచి పని అయింది.

నిన్న వేలంపాట మొదలవకముందు మైకు పట్టుకున్నాడు. "సంచులు కుట్టే సిలార్ గారు ఎప్పట్లాగే పనికి రావచ్చును. సంఘం చేసిన పొరపాటుకి..." అని ఆ తర్వాతది మింగేసేడు.

"ఇనపడలేదు!" అని అరిచేను వెనకనించి. మళ్ళీ చెప్పేడు, మింగకుండా.

సిలార్ గేటు బయటే నిలబడి ఉన్నాడు. లోపలికొచ్చి గోనెపట్టా దులుపుకుని కూర్చున్నాడు. దబ్బనంలో పురికొస ఎక్కించేడు. కలాసీలు నా వైపు చూస్తున్నారు, ముసలాడు ఏదో ఒకటి అంటే నవ్వేసి పనిలో పడదామని. నేనేమో రంగు డబ్బాలో కుంచె తిప్పుతూ కూర్చున్నాను.

అప్పుడు సిలార్ తలెత్తి, యార్డంతా వినపడేలా అన్నాడు:

"ఏం మామా, ఇరాకులో మీ అమెరికావోళ్ళు ఎలాగున్నారు?"

కలాసీలు నేల మీద పడి దొర్లేరు. బంగారయ్య కూడా మైకు చేత్తో మూసి నవ్వేడు, అయినా రైలుగేటు దాకా వినపడే ఉంటుంది.

నేను ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు.

"అమెరికా ఏటిరా? మాకు సర్చి కట్టిన దొరలు కెనడావోళ్ళు. మావోళ్ళకీ ఆ యుద్ధానికీ ఏటి సంబంధం?"

"ఇన్నారా, 'మావోళ్ళు' అంటన్నాడు!" అన్నాడు సిలార్, దబ్బనం నా వైపు చూపించి.

మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వేను. చెవులు మాత్రం కాలిపోయేయి. పుట్టి బుద్ధెరిగి గోదావరి దాటనివాణ్ణి, ఏ అమెరికావోడు నాకు తెలుసు, ఏ కెనడావోడు నన్నెరుగును? ఇంటికొచ్చి అన్నం తిన్నాను, మంట తగ్గలేదు. పడుకున్నాను, తగ్గలేదు. "ఏటయింది?" అంది మీ నాన్నమ్మ. ఏం లేదన్నాను. ఇంత చిన్న మాటకి ఇంత మంటా తల్లీ? వాడు ముప్పై ఏళ్ళు ఎలా నవ్వేడో!

రేపు సోమవారం, మళ్ళీ యార్డుకి వెళ్ళాలి. మళ్ళీ అంటాడు, మొహం చూస్తే తెలుస్తోంది, రుచి మరిగేడు. అననీ. వాడి వంతు మొదలై నిన్నటికి ఒక్కరోజే అయింది.

మీ తాత,
హనోకు.